పిండివంటల పాత్రకు అలంకారము

పండుగనాడు ఇంట వండిన పిండివంటను ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టుట మన పల్లెలలోను పట్టణములలోను తరతరములుగా వచ్చుచున్న ఆచారము. సంక్రాంతికి అరిసెలు, చక్రాలు పంచుదురు. ఉగాదికి బొబ్బట్లు పంచుదురు. రంజాను పండుగకు సేమ్యా పాయసము పొరుగింటికి పోవును. క్రిస్మసు నాడు గులాబీ పువ్వులు, కేకులు పళ్లెములలో వచ్చును. ఇంటింట వంట వేరైనను పంచుకొను సంతోషము ఒక్కటే.

ఒక ఇంటి వంట మరియొక ఇంటికి పోవునపుడు దానితోపాటు ఒక పాత్రయు పోవును. అది గిన్నె కావచ్చును, బుట్ట కావచ్చును, డబ్బా కావచ్చును. వంట విషయమున మనము ఎంతయో శ్రద్ధ వహింతుము. బెల్లపు పాకము ముదిరినదో లేదో నీటిలో వేసి చూతుము. నూనె కాగినదో లేదో చిటికెడు పిండి వేసి తెలిసికొందుము. ఆ వంటను మోసికొనిపోవు పాత్ర విషయమున మాత్రము చేతికి అందిన దానితో సరిపెట్టుకొందుము. పిండివంట అందుకొనువారు మొదట చూచునది పాత్రను. వంట అయిపోయిన పిదప వారి యింట మిగులునదియు పాత్రయే. సాదా పాత్రను మన చేతితో తీర్చిదిద్ది ఇచ్చుటలో గల అందమును, ఉపయోగమును, దానికి గల హద్దులను ఈ పాఠమున తెలిసికొందము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు పుట్టింటివారు వెంట పంపు పిండివంటలకు సారె అని పేరు. చలిమిడి, అరిసెలు, లడ్డూలు, సున్నుండలు, కాజాలు, జంతికలు మొదలగునవి అందు ఉండును. పూర్వము వీనిని వెదురు గంపలలోను ఇత్తడి బిందెలలోను నింపి కావిళ్లపై పంపెడివారు. గంప మీద క్రొత్త వస్త్రము కప్పెడివారు. బిందె మెడకు పసుపుదారము కట్టి, దాని కడుపున పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టెడివారు. కావడి వీధిలో నడచుచుండగా అరుగుల మీద కూర్చున్నవారు చూచి, ఏ యింటికి కోడలు వచ్చుచున్నదో చెప్పుకొనెడివారు. ఎవరును నోరు విప్పి చెప్పకయే ఆ పసుపుకుంకుమలు శుభవార్తను ఊరంతటికి చాటెడివి. సారె వచ్చిన యింటివారు దానిని తామే తినక వీధిలోని యిండ్లన్నిటికిని పంచెడివారు. ఈ ఆచారము నేటికిని కలదు. కావిళ్లకు బదులు కార్లు వచ్చినవి, అంతియే భేదము.

తెలంగాణమున ఆషాఢమాసమున జరుగు బోనాల పండుగలో పాత్రకు గల స్థానము ఇంకను గొప్పది. బోనము అనగా భోజనము. క్రొత్త కుండలో గాని, ఇత్తడి పాత్రలో గాని అన్నము వండి, పాలు, బెల్లము చేర్చి అమ్మవారికి నివేదనగా కొనిపోవుదురు. ఆ పాత్రకు సున్నముతోను పసుపుతోను కుంకుమతోను బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపము నుంచి స్త్రీలు తలపై ధరింతురు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించిరి. పెండ్లిండ్లలో కుమ్మరి యింటినుండి తెచ్చు ఐరేని కుండలను గూడ మీలో కొందరు చూచియుందురు. వానికి తెల్లని సున్నము పూసి, ఆ తెలుపు మీద రంగు గీతలు, చుక్కలు దిద్దుదురు.

ఈ మూడింటిని గమనించినచో ఒక సంగతి తెలియును. సున్నము, పసుపు, కుంకుమ, వేపాకు, దారము - ఇవి కలిగిన యింటను లేని యింటను గూడ ఉండునవే. మన పెద్దలు పాత్రను అలంకరించుటకు బజారున వెలగల వస్తువులను వెదకలేదు. ఇంటిలోనున్న వానితోనే కొంత శ్రమ, కొంత ఓపిక చేర్చి శుభపాత్రగా మార్చిరి.

ఇక మీరు స్వయముగా చేయదగిన పాత్రలను చూతము. మొదటిది కాగితపు గుజ్జు బుట్ట. మన అమ్మమ్మల నాటి యిండ్లలో ఇది సాధారణముగా కనబడెడిది. మేదరులు అల్లిన చేటలకు, బుట్టలకు సందులు పూడుటకై మెంతులు కలిపిన కాగితపు గుజ్జును పూయుట వాడుక. ఆ గుజ్జుతోనే బుట్టను మొత్తముగా చేయవచ్చును.

వ్రాసి విడిచిన నోటు పుస్తకముల కాగితములను చిన్న ముక్కలుగా చించి రెండు మూడు దినములు నీటిలో నానబెట్టవలెను. నీటిని దినమున కొకసారి మార్చినచో దుర్వాసన రాదు. పిడికెడు మెంతులను ఒక రాత్రి వేరుగా నానవేయవలెను. తరువాత కాగితమును గట్టిగా పిండి, మెంతులతో గూడ రోటిలో వేసి వెన్నవలె మెత్తగా రుబ్బవలెను. మెంతులు నానినపుడు వాని నుండి జిగురు పుట్టును. ఆ జిగురు కాగితపు పీచును పట్టియుంచును. మెంతుల చేదునకు పురుగు దరిచేరదని పెద్దలు చెప్పుదురు.

ఒక గిన్నెను బోర్లించి, దానిపై తడిగుడ్డ కప్పి, గుజ్జును అంగుళములో నాలుగవ వంతు మందమున అంతటను సమముగా అద్దవలెను. ఒకచోట పలుచగాను, ఒకచోట దళసరిగాను ఉన్నచో ఎండునపుడు బుట్ట పగులును. మొదటి దినము నీడను, తరువాత కొన్ని దినములు ఎండను ఆరనిచ్చినచో బుట్ట గిన్నె నుండి ఊడివచ్చును. అంచులను ఉప్పుకాగితముతో రుద్ది నునుపు చేయవలెను.

తరువాత బుట్టకు వెలుపలి వైపున మాత్రము రంగు వేయవలెను. ఎర్రమన్నును నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, దానిలో తుమ్మజిగురు కరగిన నీటిని కలిపినచో ఎర్రని రంగు సిద్ధమగును. తెలంగాణమున దీనిని జాజు అందురు. గడపలకు, అరుగులకు పూయుదురు. జిగురు కలుపని రంగు ఎండిన పిదప పొడివలె రాలి చేతికి అంటును. సున్నముతో తెలుపు వచ్చును. పసుపుతో పచ్చదనము వచ్చును. అయితే ఇచట ఒక వింత కలదు. సున్నము పూసిన చోట పసుపు తగిలినచో అది ఎర్రబారును. పసుపులోని రంగుపదార్థము క్షారము తగిలినపుడు ఎరుపెక్కును, సున్నము క్షారము. పసుపును, సున్నమును కలిపి పారాణి చేయుటలోని మర్మము ఇదియే. కనుక పచ్చగా నుండగోరిన చోట సున్నము పడకుండ చూచుకొనవలెను. పసుపు రంగు ఎండకు వెలియును గావున అట్టి బుట్టను నీడపట్టున ఉంచవలెను.

ఏ బొమ్మ వేయవలెను అను ప్రశ్న వచ్చును. గుండ్రని పాత్రకు ముగ్గు చక్కగా నప్పును. మీ యింటి వాకిట నిత్యము వేయు ముగ్గునే బుట్ట అంచున దిద్దవచ్చును. దానికి ముందు కొలత కావలెను. ఒక దారముతో బుట్ట అంచును చుట్టి కొలిచి, ఆ దారమును మూడుమారులు సగమునకు సగముగా మడచినచో ఎనిమిది సమభాగములగును. ఆ భాగముల చొప్పున అంచుపై ఎనిమిది చుక్కలు పెట్టి, వాని నడుమ మెలికలు త్రిప్పినచో చివరి మెలిక మొదటి మెలికతో సరిగా కలియును. కొలువక మొదలుపెట్టినవారికి చివర సగము మెలికకే చోటు మిగులును.

రంగు వేయుటకు ముందు పూతను సిద్ధము చేయుట మన చేతిపనివారందరును పాటించు నియమము. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు తెల్లమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, అది ఆరిన మీదటనే రంగు ముట్టుదురు. కొండపల్లి వారు తెల్లపొణికి కొయ్యతో చేసిన బొమ్మల అవయవములను చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసిన పిదప రంగు వేయుదురు. వరాహ నది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కొయ్యతో బొమ్మలను, కుంకుమ భరిణెలను చేసి, చెట్ల ఆకులు, బెరడులు, గింజల నుండి తీసిన రంగులను లక్కతో కలిపి పట్టింతురు. ఈ ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. చేతిపనిలో పైకి కనబడు అందమునకు కనబడని పూతయే ఆధారము.

రెండవది మట్టి ముంత. కుమ్మరి వద్ద కొన్న క్రొత్త ముంతను ఒక దినము నీటిలో నానబెట్టి, కడిగి, బాగుగా ఎండనీయవలెను. వెలుపల జాజు పూసి, అది ఆరిన తరువాత బియ్యపు పిండిని నీటిలో జారుగా కలిపి, చీపురుపుల్ల కొనకు దూది చుట్టి ముగ్గు దిద్దవలెను. పిండిలో కొంచెము జిగురు కలిపినచో గీత నిలుచును. ముంత సన్నని రంధ్రములు గలది గావున నేతిని, నూనెను పీల్చును. సున్నుండలవంటి నేతి వంటలను అందుంచునపుడు లోపల ఎండిన అడ్డాకునో మోదుగాకునో పరువవలెను. ముంత మూతికి శుభ్రమైన గుడ్డ కప్పి దారముతో బిగించినచో కానుక సిద్ధమైనట్లే.

మూడవది కొబ్బరిచిప్ప. ముదురుకాయను రెండు సమానమైన చిప్పలుగా పగులగొట్టించి, కొబ్బరిని తీసివేసి, పైనున్న పీచును పెద్దల సాయమున కత్తితో గీకవలెను. తరువాత ఉప్పుకాగితముతో ఎంతసేపు రుద్దిన అంత నునుపు వచ్చును. నునుపైన చిప్పపై మేకు మొనతో గీతలు గీచి, తడిసున్నమును రుద్ది, ఆరిన తరువాత గుడ్డతో తుడువవలెను. సున్నము గీతలలో మాత్రము నిలిచి, నల్లని చిప్ప మీద తెల్లని చిత్రము తేలును. చివరకు కొద్దిగా కొబ్బరినూనె పట్టించినచో చిప్ప మెరయును. నూనె ముందుగా పూసినచో సున్నము పట్టదని గుర్తుంచుకొనవలెను.

ఈ చిప్పను గూర్చి చెప్పుచుండగా నేను కన్నులార చూచిన సంగతి ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1996 నవంబరు 6వ తేదీన తూర్పుగోదావరి తీరమును పెనుతుఫాను తాకినది. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కోనసీమలో చేతికి రానున్న వరి నీటమునిగినది. కొబ్బరితోటలు వరుసలు వరుసలుగా నేలకొరిగినవి. రెండు నెలలు గడచునప్పటికి సంక్రాంతి వచ్చినది. నేను అప్పుడు ఆ ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. పండుగ సెలవులకు ముందు పిల్లలు తలా కొంత పిండివంట తెచ్చి, బడి ఊడ్చువారికిని, బడికి నీరు మోయు అవ్వకును ఇచ్చు వాడుక అక్కడ ఉండెను. ఆ యేడు అది జరుగునని ఎవరును అనుకొనలేదు. ఎన్నో యిండ్లలో అరిసెలకు బియ్యము లేదు. అయినను పిల్లలు మానలేదు. కలిగినవారు కలిగినంత తెచ్చిరి.

ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక ఒకతె రెండు కొబ్బరిచిప్పలను ఒకదానిపై నొకటి బోర్లించి దారముతో కట్టి తెచ్చినది. లోపల ఐదు మరమరాల ఉండలు మాత్రమే ఉండెను. వారి దొడ్డిలో చెట్టు ఒక్కటియు నిలువలేదు. కూలిన చెట్టు కాయల నుండి తీసిన చిప్పలవి. పై చిప్ప మీద ఆమె నిటారుగా నిలిచిన కొబ్బరిచెట్టు నొకదానిని గీచి సున్నము నింపినది. ప్రక్కనే మరియొకరు తెచ్చిన పెద్ద డబ్బా నిండుగా లడ్డూలు ఉండెను. ఇద్దరు బాలురు చిప్పను, డబ్బాను మార్చి మార్చి చూచి నవ్వుకొనిరి. బాలిక తల వంచుకొన్నది. అవ్వ ఆ చిప్పను రెండు చేతులతో అందుకొని, వేలితో గీతలను తడవి చూచి ఇట్లనెను:

"ఎన్ని ఉండలున్నాయో నేను లెక్కెట్టలేదమ్మా. ఈ చిప్ప గీకడానికి నీకు ఎన్ని పూటలు పట్టిందో చెప్పు."

"ఆరు రోజులు పట్టింది, అవ్వా" అని బాలిక మెల్లగా చెప్పినది.

"ఆరు రోజులు నన్ను తలుచుకున్నావన్నమాట" అని అవ్వ చిప్పను కొంగున కట్టుకొన్నది. నవ్విన బాలురు మరి నవ్వలేదు. నాలుగేండ్ల తరువాత నేను బదిలీయై పోవునాటికిని ఆ చిప్పలో అవ్వ వక్కపలుకులు దాచుకొనుచుండెను. చేతి జిడ్డు పట్టి పట్టి అది నల్లరాతివలె మెరయుచుండెను. కొబ్బరిచెట్టు గీతలు మాత్రము తెల్లగనే ఉండెను. అవి మాసినప్పుడెల్ల ఆమె ఆకుకు పూయు సున్నమునే వానిలో రుద్దెడిది.

మట్టి ముంతయు, కొబ్బరిచిప్పయు దొరకని పట్టణవాసులు ఏమి చేయవలెను? ప్రతి యింటను ఖాళీ డబ్బాలు, సీసాలు, అట్టపెట్టెలు పడియుండును. ఒకప్పుడు పసుపుపచ్చని డాల్డా డబ్బా, హార్లిక్స్ సీసా లేని వంటిల్లు అరుదు. పప్పులకు, కారమునకు, ఊరగాయలకు అవియే నిలయములు. నేడును సీసా వచ్చినచో దానిని పారవేయక వేడినీటితోను సబ్బుతోను కడిగి, ఎండలో ఆరబెట్టి, మూతకు చీరపేలిక నొకదానిని కప్పి దారముతో కట్టినచో కానుకకు తగిన పాత్ర యగును. రేకు డబ్బాకు త్రుప్పు ఉన్నదేమో, అంచు కోసుకొనునేమో ముందుగా చూడవలెను. త్రుప్పు పట్టిన డబ్బాను ఎంత అలంకరించినను తినుబండారమునకు పనికిరాదు. బాగున్న డబ్బా చుట్టును మైదా జిగురుతో పాత నేతచీర అంచును అతికించినచో డబ్బాకు ఎక్కడలేని నిండుదనము వచ్చును.

ఇంతవరకు అందమును గూర్చి చెప్పితిని. ఇక జాగ్రత్తలు చెప్పవలెను. పాత్ర వంట కొరకు గాని, వంట పాత్ర కొరకు కాదు.

మొదటి నియమము: అలంకారము వెలుపలనే ఉండవలెను. తినుబండారము తగులు లోపలి వైపున రంగు గాని, జిగురు గాని, మెరుపు పొడి గాని ఉండరాదు. మూత అంచున గూడ రంగు వేయరాదు. అది రాలి లోపల పడును. బజారు రంగులలో సీసము ఉండుట కద్దు. సీసము కొద్దికొద్దిగా దేహమున చేరినను పిల్లల మెదడునకు హాని చేయును. అందుచేతనే ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన దేశమున 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరు నుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వము రంగు వేసిన పాత డబ్బాలను ఆటకైనను వాడరాదు.

రెండవ నియమము: అచ్చు వేసిన వార్తాపత్రికను తినుబండారమునకు తగులనీయరాదు. నూనె తగిలినచో అచ్చుసిరా కరగి వంటలో చేరును. ఆహారమును వార్తాపత్రికలలో చుట్టుటను, నిల్వచేయుటను 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. కాగితపు గుజ్జు బుట్టకు వ్రాత సిరా తగిలిన కాగితము వాడుదుము గావున దాని లోపల ఎండుటాకు గాని, ఉతికిన తెల్లగుడ్డ గాని తప్పక పరువవలెను.

మూడవ నియమము: వంట పూర్తిగా చల్లారిన పిదపనే పాత్రలో పెట్టి మూతవేయవలెను. వేడి మీద మూత వేసినచో ఆవిరి మూతకు తగిలి నీరై వంటపై పడును. ఆ తడికి బూజు పట్టును. జంతికలకు, చక్రాలకు గాలి చొరని మూత కావలెను, లేనిచో మెత్తబడును. అట్టి వానికి బుట్ట తగదు, డబ్బాయో సీసాయో తగును. ఊరగాయలలో ఉప్పు, పులుపు ఉండును గావున రేకు డబ్బా, కళాయి లేని ఇత్తడి పాత్ర వానికి పనికిరావు. జాడీ గాని, గాజు సీసా గాని వాడవలెను. అరిసెలు, సున్నుండలు, మరమరాల ఉండలు వంటి వానిని రెండు మూడు దినములలో తినుటకు పంపునపుడు ఆకు పరచిన బుట్ట చాలును.

నాలుగవ నియమము: పాత్రకు చిన్న చీటి కట్టవలెను. వంట పేరు, చేసిన తేది, అందు వేసిన ముఖ్యవస్తువులు దానిపై వ్రాయవలెను. వేరుసెనగ, నువ్వులు, జీడిపప్పు కొందరి దేహమునకు పడవు. మధుమేహము గలవారు బెల్లము, పంచదార ఎంత ఉన్నదో తెలిసికొన గోరుదురు. అందమైన అక్షరములతో వ్రాసిన చీటియు అలంకారమే.

ఐదవ నియమము: పారవేయగా మట్టిలో కలియని వస్తువులతో అలంకరింపరాదు. అలంకరణకు వాడు థర్మోకోలును, మిఠాయి పెట్టెలకు చుట్టు పలుచని ప్లాస్టిక్ పొరను మన దేశమున 2022 జూలై 1 నుండి నిషేధించిరి. ఆకు, నార, గుడ్డ, మట్టి మనకు ఉండగా వాని లోటు తెలియదు.

విద్యార్థులారా! అలంకారము కొన్నియెడల దారి తప్పును. సారెను గూర్చి మొదట చెప్పుకొంటిమి. కూతురు సుఖముగా ఉండవలెనను కోరికతో పంపిన ఆ తీపి, కాలక్రమమున కొన్ని కుటుంబములలో బరువుగా మారినది. ఇన్ని రకములు ఉండవలెను, ఇన్ని బిందెలు రావలెను అని మగపెండ్లివారు లెక్కపెట్టసాగిరి. పొరుగింటి కోడలి సారెతో పోల్చి ఎత్తిపొడువసాగిరి. ఆ మాట పడలేక పుట్టింటివారు అప్పులు చేసిరి. వరకట్నమును నిషేధించుచు 1961లో చట్టము వచ్చినది. పెండ్లిలో ఆచారముగా ఇచ్చు కానుకలైనను ఇచ్చువారి స్థితికి మించరాదని అందు చెప్పబడినది. అయినను లెక్కపెట్టు కన్ను చట్టముతోనే మూతపడలేదు. నేడు సారె పళ్లెములకు అద్దములు, ముత్యములు కుట్టించి, అలంకరించువారికి వేలకొలది రూపాయలు ఇచ్చు వాడుకయు వచ్చినది. అప్పుడు పాత్ర ఇచ్చువారి ప్రేమను దాచి, వారి ధనమునే చూపును. లేనివారి గుండెలో అది ముల్లై గ్రుచ్చుకొనును.

మన చేతితో చేసిన అలంకారమునకు ఈ దోషము అంటదు. దానిని కొలుచుటకు రూపాయి పనికిరాదు. పేదయింటి బాలిక ఆరు దినములు గీకిన చిప్పకును, కలవారి బాలుడు ఆరు దినములు దిద్దిన ముంతకును పోటీ లేదు. ఇద్దరును ఇచ్చినది ఆరు దినముల శ్రద్ధయే. ఐదు ఉండలకు నిండుదనము తెచ్చి, ఇచ్చువారు తల ఎత్తుకొని ఇచ్చునట్లు చేయుటయే ఈ చిన్న విద్య చేయగల పెద్ద మేలు.

మన యిండ్లలో మరియొక మంచి వాడుక కలదు. పొరుగువారు వంట పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి ఈయరు. అందులో నాలుగు పండ్లో, కొంచెము పంచదారయో, మరేమియు లేనిచో చిటికెడు పసుపో వేసి పంపుదురు. అలంకరించిన పాత్ర ఇట్లు ఇండ్ల నడుమ తిరుగుచుండును. ఒక సంక్రాంతికి మీ యింట బయలుదేరిన బుట్ట మరుసటి ఉగాదికి మామిడికాయలతో తిరిగి రావచ్చును. పారవేయు పెట్టెకు ఆ యోగము లేదు.

వచ్చు పండుగకు మీరందరును ఒక్కొక్క పాత్రను సిద్ధము చేయుడు. పది దినములు ముందుగానే మొదలిడుడు. గుజ్జు ఆరుటకును, రంగు ఆరుటకును సమయము పట్టును. ఎవరికి ఈయవలెనో ముందే తలచుకొనుడు. బంధువులకు ఇచ్చుట ఎట్లును ఉన్నదే. మీ వీధి ఊడ్చువారు, ఉత్తరములు తెచ్చువారు, ఒంటరిగా నుండు వృద్ధులు, పండుగకు ఇంటికి పోలేక వసతిగృహమున మిగిలిన తోటి విద్యార్థులు - వీరిలో ఒకరిని ఎన్నుకొనుడు. మన పెద్దలు ఇత్తడి, స్టీలు గిన్నెలపై పేర్లు కొట్టించెడివారు. ఎవరు, ఏ శుభకార్యమునకు, ఏ సంవత్సరమున ఇచ్చినదో ఆ అక్షరములను బట్టి మనుమలకు సైతము తెలియును. మీరును పాత్ర అడుగున మీ పేరును, సంవత్సరమును చిన్న అక్షరములతో వ్రాయుడు.

అభ్యాసము

కఠిన పదములకు అర్థములు
కావడి: బరువు మోయుటకు రెండు కొనలను తట్టలు వ్రేలాడదీసిన బద్ద
నివేదన: దేవతకు సమర్పించు ఆహారము
దళసరి: మందమైనది
మక్కు: అతుకుటకు, సందులు పూడ్చుటకు వాడు ముద్ద
భరిణె: మూతగల చిన్న పెట్టె
వెలియు: రంగు తగ్గిపోవు
కళాయి: ఇత్తడి, రాగి పాత్రల లోపల వేయు తగరపు పూత
ఎత్తిపొడుచు: మాటలతో నొప్పించు

ప్రశ్నలు
1. సారె బిందె, బోనపు కుండ, ఐరేని కుండ - వీని అలంకారములలో సమానమైన విషయమేది?
2. కాగితపు గుజ్జులో మెంతులు ఎందుకు కలుపుదురు? గుజ్జును సమముగా అద్దకున్నచో ఏమగును?
3. పసుపు సున్నముతో కలిసినపుడు ఎర్రబారుటకు కారణమేమి?
4. "ఆరు రోజులు నన్ను తలుచుకున్నావన్నమాట" - ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి? వాని భావమును వివరింపుడు.
5. జంతికలు, ఊరగాయ, సున్నుండలు - వీనిలో ఒక్కొక్కదానికి ఎట్టి పాత్ర తగును? ఎందుచేత?
6. కానుక ఎప్పుడు బరువుగా మారునని రచయిత చెప్పెను? మీ ఊరిలో మీరు చూచిన ఉదాహరణము నొకదానిని పేర్లు చెప్పక వ్రాయుడు.

చేయదగిన పని
ఒక సాదా పాత్రను అలంకరించి, చీటి వ్రాసి కట్టి, తరగతికి తెండు. ఏ వస్తువులు వాడితిరో, ఎన్ని దినములు పట్టినదో తోటివారికి చెప్పుడు.